‘ఛార్జి’ అను ఒక్క మాట: దాని బరువులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. జీవితమంతయు ఈ సముద్రతీరపు పాఠశాలలలో ఆంగ్లము బోధించినవాడను. పెద్ద పెద్ద విషయములు చెప్పుటకు ఈ వేదికపై నాకంటె సమర్థులు ఉన్నారు. అందుచేత నేను నాలుగు మాటలు కాదు, ఒక్క మాటను గూర్చి మాత్రమే చెప్పదలచినాను. అది ‘ఛార్జి’ అను ఆంగ్లపదము.

ఇది మీకు తెలియని మాట కాదు. ఇక్కడ కూర్చున్న అవ్వలకు సైతము తెలిసినదే. నెల్లూరికి పోవలెనన్న బస్సు ఛార్జి. చేతి ఫోనుకు ఛార్జింగు. గలాటా జరిగినచోట లాఠీ ఛార్జి. పోలీసువారు వేయునది ఛార్జిషీటు. అధికారి సెలవుపై పోయిన, ఆయన స్థానమున కూర్చున్నవారు ఇన్‌ఛార్జి. రోగము నయమై ఇంటికి వచ్చిన డిశ్చార్జి. కరెంటు బిల్లులో సర్‌ఛార్జి. ఆంగ్లములో ఒక్క ముక్క చదువనివారు కూడ దినమునకు నాలుగైదు మారులు ఈ మాటను పలుకుచునే ఉన్నారు. కాని బస్సు టిక్కెట్టునకు, లాఠీ దెబ్బకు, ఫోనులోని బలమునకు, కోర్టులోని నేరమునకు ఒకే మాట ఎట్లు పేరయ్యెను? ఈ ప్రశ్న నేను బాల్యమున వేసికొనలేదు. వేసికొననందువలన ఒక పెద్దమనిషికి కీడు చేసితిని. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట మాట యొక్క చరిత్రలోనికి పోయెదను.

యాభై ఏండ్ల క్రిందటి మాట. నేను అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. మా పాళెములో హైస్కూలు ముఖము చూచినవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే. కావున ఏ కాగితము వచ్చినను మా ఇంటి అరుగు వద్దకే వచ్చెడిది. ఒకనాడు పొద్దుగూకు వేళ మా వీథి చివరనుండు ఒక పెద్దాయన, వలలు బాగుచేసికొనుచున్న చేతులతోనే, ఒక కాగితము తెచ్చి, “అబ్బయ్యా, ఇదేందో చూసి చెప్పు నాయనా” అని నా చేతికిచ్చెను. ఆయనను మేమందరము తాతా అని పిలిచెడివారము. కాగితము ఆంగ్లములో ఉండెను. క్రింద ముద్ర, పైన తేది ఉండెను. నడుమ ఒక వాక్యములో ‘ఛార్జి’ అను మాటయు, దానికి ముందు ‘జవాబు చెప్పుట’ అను అర్థమిచ్చు మాటయు కనబడెను.

నాకు తెలిసిన ఛార్జి ఒక్కటే. అది బస్సు ఛార్జి. “తాతా, నువ్వు ఏదో రుసుము కట్టాలంట. ఆ తేదీ లోపల కట్టి జవాబు చెప్పాలంట” అని గట్టిగా చెప్పితిని. సందేహమున్నట్లు కూడ కనబడనీయలేదు. తొమ్మిదవ తరగతి గర్వము అట్టిది. పెద్దాయన కొంచెము ఆలోచించి, “డబ్బు కట్టేదే అయితే ఇప్పుడు చేతిలో లేదు. నాలుగు వేటలు పోయొచ్చి కడతా” అని కాగితమును ఇంటి చూరులో దోపి, మరునాడు సముద్రము మీదికి పోయెను.

ఆ కాగితము రుసుము కాగితము కాదు. అది న్యాయస్థానము పంపిన సమను. వలలు ఆరవేసికొను స్థలమును గూర్చి రెండు పాళెముల నడుమ జరిగిన తగవులో ఆయన పేరు కూడ చేర్చిరి. ‘నీపై మోపబడిన నేరమునకు జవాబు చెప్పుకొనుటకై ఫలానా తేదిన హాజరు కావలెను’ అనునదియే ఆ వాక్యమునకు అర్థము. తేది గడచిపోయెను. ఆయన హాజరు కాలేదు. వారంటు వచ్చెను. తెప్ప ఒడ్డుకు చేరగానే, తడిబట్టలతోనే, ఆయనను తీసికొనిపోయిరి. ఒక రాత్రి ఠాణాలో ఉండి, మరునాడు జామీనుపై విడుదలయ్యెను. కొన్ని నెలలకు ఆ కేసు ఆయనపై నిలువక పోయెను. కాని ఆ రాత్రి మాత్రము ఎవరును తిరిగి ఈయలేరు.

ఆయన ఇంటికి వచ్చిన నాడు నేను మా అమ్మ వెనుక దాగితిని. ఆయన నన్ను పిలిచి, “అబ్బయ్యా, నీ చదువు నా నెత్తిన బరువైంది గదరా” అని మాత్రము అనెను. కోపముతో అనలేదు. అందువలననే నేటికిని మరపునకు రాలేదు. అంతకంటె మరపునకు రానిది వేరొకటి కలదు. నెల తిరుగకముందే ఆయన మరియొక కాగితము తీసికొని మరల మా అరుగు వద్దకే వచ్చెను. “ఈసారి పుస్తకం చూసి చెప్పు” అనెను. చూచుటకు మా పాళెములో పుస్తకము లేదు. నిఘంటువు కొరకు నేను ఆ కాగితమును జేబులో పెట్టుకొని పట్టణము వరకు పోవలసివచ్చెను.

మహాశయులారా! ‘మాటకు అర్థము తెలియదు’ అనుట సిగ్గు కాదు. ‘ఒక్క అర్థము తెలిసినది గనుక మాట తెలిసినది’ అనుకొనుటయే అపాయము. ఈ అపాయమును మన పూర్వులు ఎరుగుదురు. అందువలననే అమరకోశమును పిల్లలచేత వల్లె వేయించెడివారు. అమరసింహుడు ఆ గ్రంథములో రెండు పనులు చేసెను. ఒకే వస్తువునకు గల పలు పేర్లను ఒకచోట చేర్చుట ఒకటి. వీనిని పర్యాయపదములందుము. ఒకే పేరునకు గల పలు అర్థములను వేరుగా చూపుట రెండవది. వీనిని నానార్థములందుము. మూడవ కాండములో నానార్థములకై ప్రత్యేకముగ ఒక వర్గమే కలదు. ‘హరి’ అను మాటకు విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, యముడు, వాయువు, సింహము, గుఱ్ఱము, కోతి, చిలుక, పాము, కప్ప మొదలగు అర్థములు అందు చెప్పబడినవి. ‘హరి వచ్చెను’ అన్నప్పుడు నమస్కరింపవలెనో, పరుగెత్తవలెనో సందర్భమును బట్టి తెలిసికొనవలెను. తెలుగునకు సైతము పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును పద్యరూపమున రచించి పర్యాయపదముల భాండాగారమును సమకూర్చెను.

ఆంగ్లేయులకు ఇట్టి పర్యాయపద సంగ్రహము పీటర్ మార్క్ రోజే అను వైద్యుని చేతిమీదుగా 1852లో వెలువడెను. మన తెలుగువారికై చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కూర్చిన నిఘంటువులు మద్రాసున అచ్చయినదియు ఆ కాలముననే. ఆంగ్లపదముల జన్మపత్రికలను చూపు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు మొదటి భాగము 1884లో వెలువడి, చివరి భాగము 1928 నాటికి గాని ముగియలేదు. మాటలకు అర్థము వ్రాయుట అంత కాలము పట్టు పని.

ఇక మన మాటకు వత్తము. ‘ఛార్జి’ పుట్టినది ఇంగ్లండులో కాదు. పూర్వము లాటిను భాషలో ‘కర్రుస్’ అను మాట యుండెను. దానికి బరువులు మోయు బండి అని అర్థము. ఆ మాటను రోమనులు గాల్ దేశపు జనుల నుండి గ్రహించిరి. దాని నుండి ‘కర్రికారే’ అను క్రియ పుట్టెను. అనగా బండికి బరువెత్తుట. అది ఫ్రెంచి భాషలో మెత్తబడి, నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆంగ్లములో ప్రవేశించి, పదుమూడవ శతాబ్ది నాటికి ‘ఛార్జి’గా స్థిరపడెను. మొదటి అర్థము ‘బరువెత్తుట’ అని మాత్రమే. ఈ ఒక్క తాళపుచెవి చేతికి వచ్చినచో తక్కిన గదులన్నియు తెరచుకొనును.

ప్రయాణికుని నెత్తిన పెట్టిన డబ్బు బరువు బస్సు ఛార్జి. నిందితుని నెత్తిన పెట్టిన నేరపు బరువు కోర్టు ఛార్జి. ఉద్యోగి భుజమున పెట్టిన పని బరువు ఇన్‌ఛార్జి. పాత్రలోనో, తుపాకిలోనో, బ్యాటరీలోనో నింపిన బలము కూడ ఛార్జియే. ఉన్న బరువుపై ఇంకొక బరువు పెట్టిన అది సర్‌ఛార్జి. ఎత్తిన బరువును దింపిన డిశ్చార్జి. ఆసుపత్రి తన బాధ్యతను దింపుకొని రోగిని ఇంటికి పంపును. ఋణము తీర్చినవాడు అప్పును దింపుకొనును. నది తన నీటిని సముద్రములో దింపును. పెన్నలో సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీరు పోవుచున్నదని ఇంజనీర్లు చెప్పు లెక్కకు పేరు డిశ్చార్జియే.

ఈ మాటకు తోబుట్టువులు కూడ కలవు. మన రోడ్లపై తిరుగు ‘కారు’ ఆ బండి మాట నుండి వచ్చినదే. మోయుటకు ఆంగ్లములో చెప్పు ‘క్యారీ’ దానికి చెల్లెలు. మన కృష్ణపట్నపు రేవులో దింపునట్టియు ఎత్తునట్టియు సరకునకు ‘కార్గో’ అని పేరు. అది స్పెయిన్ దేశపు మాటగా పెరిగి ఓడలతో ఆంగ్లములోనికి వచ్చినది. పత్రికలలో నాయకుల ముక్కును మూరెడు చేసి వేయు బొమ్మను ‘క్యారికేచరు’ అందురు. అది ఇటలీ మాట. ఉన్న రూపముపై మితిమీరిన బరువు వేసినదని భావము. బండి, బరువు, ఓడ సరకు, వంకర బొమ్మ అన్నియు ఒకే కుటుంబమువి.

ఇది పరభాషల వింత అని అనుకొనకుడు. మన తెలుగులోని ‘ఎత్తు’ అను మాటను చూడుడు. బండికి బస్తాలు ఎత్తుదుము. శత్రువుపై దండెత్తుదుము. బిడ్డను ఎత్తుకొందుము. గిట్టనివారిని ఎత్తిపొడుతుము. సరకు మోపుట, దాడి చేయుట, బాధ్యతతో సాకుట, నింద వేయుట అను ‘ఛార్జి’ యొక్క నాలుగు ముఖ్యార్థములును మన ‘ఎత్తు’ చుట్టును ఉన్నవి కదా! అట్లే ‘మోపు’ అను మాట. గడ్డిమోపు తలపైన పెట్టుకొందుము. నేరమును ఒకరిపై మోపుదుము. తాత నోటివెంట వచ్చిన ‘నెత్తిన బరువు’ అను మాట వెనుక రోమనుల బండి ఉన్నదని ఆయనకు తెలియదు. కాని మనుష్యుని మనస్సు ఎక్కడనైనను ఒకే తీరున నడచును. కంటికి కనబడు బరువు నుండి కనబడని బరువునకు పేరు పెట్టుకొనును.

ఇక ఈ మాటకు పర్యాయపదముల సంగతి. విద్యార్థులు దీనిని శ్రద్ధగా వినవలెను. మనము డబ్బు కట్టు ప్రతిచోటను ‘ఛార్జి’ అందుము. ఆంగ్లేయుడు అట్లనడు. అంగడిలో వస్తువునకు ఇచ్చు వెల ‘ప్రైసు’. ఆ వస్తువును తయారుచేయుటకు అయిన ఖర్చు ‘కాస్టు’. ప్రయాణమునకు ఇచ్చునది ‘ఫేరు’. వైద్యునికి, వకీలునకు, పాఠశాలకు ఇచ్చునది ‘ఫీజు’. దారికో వంతెనకో ఇచ్చు సుంకము ‘టోలు’. ఇంటికి ఇచ్చు బాడుగ ‘రెంటు’. ఒకరు చేసిన సేవకై, లేక మన చేతనుంచిన సదుపాయమునకై వసూలు చేయునది ‘ఛార్జి’. కావున మనము చెప్పు ‘బస్సు ఛార్జి’ ఆంగ్లేయుని నోట ‘బస్ ఫేరు’ అగును. అంతమాత్రమున మన మాట తప్పనరాదు. మన దేశమున ఆ మాట అట్లు స్థిరపడినది. ఊరిలో ఊరి వాడుక, పరీక్షలో పుస్తకపు వాడుక అని తెలిసియుండిన చాలును.

పర్యాయపదములు ఒకే పాళెములోని అన్నదమ్ముల వంటివి. ముఖములు పోలియుండును, కాని ఒకరి తెప్పలో మరియొకరు అడుగకుండ ఎక్కరు. నింద వేయుటకు ‘బ్లేము’ అనవచ్చును, ‘అక్యూజ్’ అనవచ్చును, ‘ఛార్జి’ అనవచ్చును. వాన రాలేదని మేఘమును కూడ ‘బ్లేము’ చేయవచ్చును. ‘అక్యూజ్’ చేయుటకు ఎదుట ఒక మనిషి ఉండవలెను. ‘ఛార్జి’ చేయుటకు సాధారణముగా చట్టము వెనుక నిలువవలెను. ఒకదానికంటె ఒకటి బరువైనది.

ఇంకొక చమత్కారము. ఆంగ్లములో ‘ఇన్ ఛార్జి ఆఫ్’ అన్న ఒక అర్థము, నడుమ ‘ది’ అను చిన్న మాట చేర్చి ‘ఇన్ ది ఛార్జి ఆఫ్’ అన్న వేరొక అర్థము. ఉపాధ్యాయుడు పిల్లలకు ‘ఇన్ ఛార్జి’ అన్న, పిల్లల భారము ఉపాధ్యాయునిపై నున్నదని. పిల్లలు ఉపాధ్యాయుని ‘ఇన్ ది ఛార్జి’ అన్నను అదే భావము. ‘ది’ స్థానము తప్పి ఉపాధ్యాయుడు పిల్లల ‘ఇన్ ది ఛార్జి’ అయినచో, పిల్లలే ఆయనను సాకుచున్నారని అర్థము వచ్చును. నా వృత్తిలో కొన్ని దినములు ఆ రెండవ వాక్యమే సత్యముగా తోచినది!

యుద్ధములోని అర్థమును గూర్చి ఒక మాట. బల్లెమును ఎత్తి పట్టి సిద్ధపరచుట మొదట ఛార్జి. అట్లు ఎత్తిపట్టి మీదికి ఉరుకుట తరువాతి ఛార్జి. 1854లో బాలక్లావా యుద్ధమున ఆంగ్లేయుల అశ్వదళము శత్రువుల ఫిరంగుల మీదికి అట్లు ఉరికెను. టెన్నిసన్ మహాకవి దానిని పద్యముగా వ్రాసిన పిమ్మట ఆ మాట పాఠశాలలన్నిటికిని ఎక్కెను. మన లాఠీ ఛార్జి ఆ వంశములోనిదే. విద్యుత్తు విషయమున ఈ మాటను ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1740ల నాటి తన ప్రయోగములలో గాజు జాడీలో విద్యుత్తును నింపుటను తుపాకిలో మందు దట్టించుటకు వాడు మాటతోనే చెప్పెను. మన పాఠ్యపుస్తకములలో దీనిని ‘విద్యుదావేశము’ అనుచున్నారు. ఫోను ఛార్జి అయిపోయినదని మన పిల్లలు కేకలు వేయునప్పుడు, దానిలోని ఆవేశము పోయి వీరికి వచ్చినదని నేను నవ్వుకొందును.

నవ్వు అటుండనిండు. ఈ మాట మన ఇండ్లను, పొలములను తాకుచోటులు రెండు కలవు. అవి చెప్పనిదే నా ఉపన్యాసము నిష్ప్రయోజనము.

మొదటిది ఛార్జిషీటు. ‘వానిపై ఛార్జిషీటు పడినదట’ అనగానే మన ఊళ్లలో వాడు నేరస్థుడని తీర్మానించి, ఇంటిగడప తొక్కుట మానుదురు. పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు. ఇది అన్యాయము. ఛార్జిషీటు అనునది పోలీసువారు తమ దర్యాప్తు ముగించి న్యాయస్థానమునకు సమర్పించు నివేదిక. ఇది 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు ప్రకారము జరుగుచుండెడిది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను ఈ క్రమము మారలేదు. ఆ నివేదికను చూచిన పిమ్మట న్యాయాధికారి ఆధారము లేదని తోచిన నిందితుని డిశ్చార్జి చేయవచ్చును. ఆధారమున్నదని తోచిన పెద్ద కేసులలో తానే అభియోగమును నిర్ణయించును. అప్పుడును అది అభియోగమే గాని తీర్పు కాదు. సాక్షులు రావలెను, వాదములు జరుగవలెను, అటుపిమ్మట శిక్షయో విడుదలయో. బండికి బరువెత్తినంత మాత్రమున ఊరు చేరినట్లు కాదు కదా! అభియోగమునకు, నేరనిర్ణయమునకు నడుమ ఎంత దూరమో, మన నోటికిని తీర్పునకును నడుమ అంత దూరముండవలెను.

రెండవది ఆస్తిపై ఛార్జి. అప్పు పత్రములలోను, సహకార సంఘముల కాగితములలోను ‘ఈ భూమిపై ఛార్జి కలదు’ అను మాట వచ్చును. దానిని చూచి, కట్టవలసిన రుసుము ఏదో కాబోలునని అనుకొనువారు నేటికిని ఉన్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము దీనిని స్పష్టముగా వివరించినది. ఒకని స్థిరాస్తి వేరొకరికి రావలసిన సొమ్మునకు పూచీగా నుండి, అది తాకట్టు కానప్పుడు, ఆ సొమ్మునకు గాను ఆ ఆస్తిపై నున్న భారమే ఛార్జి. తాకట్టులో ఆస్తియందలి హక్కు కొంత అప్పిచ్చినవానికి సంక్రమించును. ఛార్జిలో హక్కు సంక్రమింపదు, కాని ఆస్తి నుండి సొమ్ము రాబట్టుకొను అధికారముండును. అది ఒప్పందము వలనను కలుగవచ్చును, చట్టము వలనను కలుగవచ్చును. కావున పొలము కొనదలచినవారు రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీసికొని చూడవలెను. రిజిస్టరు కాని భారములు అందు కనబడకపోవచ్చును గనుక, బ్యాంకులోను, సహకార సంఘములోను విచారించుట మేలు. ఒక్క మాట యొక్క అర్థము అడిగి తెలిసికొనుటకు ఐదు నిమిషములు పట్టును. తెలిసికొననందుకు ఒక తరము కష్టపడవచ్చును.

ఇచ్చట మన ప్రాంతపు మహనీయుని ఒకరిని స్మరింపవలెను. 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావుగారు ఆంగ్లమును, మరి పెక్కు భాషలను స్వయంకృషితో నేర్చి, మద్రాసు సదరు న్యాయస్థానమున అనువాదకులైరి.   ఆనాటి వీథిబడులలో పిల్లలు అర్థము తెలియకయే పద్యములు వల్లించుచున్నారని 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘమునకు ఆయన విన్నవించెను. ఆయన ఆంగ్లమున వ్రాసికొన్న స్వీయచరిత్ర మరణానంతరము 1873లో అచ్చయినది. కోర్టు కాగితమును ఒక భాష నుండి వేరొక భాషలోనికి మార్చువాడు ఒక్క అర్థము తప్పిన ఒక కుటుంబము నష్టపోవును. ఆ భారమును ఆయన ఎరుగును. అందుచేతనే అర్థము లేని చదువును ఆయన సహింపలేదు. రెండు వందల ఏండ్లు గడచినను ఆ విన్నపము మనకు పాతబడలేదు.

ఇక ముగింతును. మీకు తెలియని ఒక రహస్యము చెప్పెదను. గ్రంథాలయ శాస్త్రములో పుస్తకమును చదువరికి ఎరువిచ్చుటను ‘ఛార్జింగు’ అందురు. తిరిగి తీసికొనుటను ‘డిశ్చార్జింగు’ అందురు. పుస్తకము మీ చేతికి వచ్చినప్పుడు దాని భారము మీదగును, తిరిగి ఇచ్చినప్పుడు దిగును. మనము ఇంటిపన్నుతో పాటు చెల్లించు గ్రంథాలయ సుంకమును గూర్చి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము చెప్పినప్పుడు, దానిని ఇంటిపన్నుపై సర్‌ఛార్జి అనియే పేర్కొన్నది. పన్నుపై ఇంకొక చిన్న బరువు. ఇంతకంటె తీయని బరువు వేరొకటి లేదని నా నమ్మకము.

మన గ్రంథాలయపు బల్లమీద నేడు ఆంగ్ల ఆంధ్ర నిఘంటువు ఒకటి ఎల్లప్పుడును ఉండును. దాని అట్ట నలిగినది, అంచులు నల్లబడినవి. అది చూచినపుడెల్ల నాకు సంతోషము. అంతమంది చేతులు దానిని తాకినవని అర్థము. ఇప్పుడు చేతి ఫోనులో కూడ అర్థములు దొరకును. దొరకనిండు. కాని ఏ అర్థము ఏ వాక్యమునకు కుదురునో చూచుకొను ఓపిక మనిషికే ఉండవలెను. పిల్లలారా! మీ ఇంటికి ఏ అవ్వయో తాతయో కాగితము తెచ్చినప్పుడు మొదటి అర్థముతో తృప్తిపడకుడు. “ఉండు తాతా, పుస్తకం చూసి చెప్తా” అనుడు. ఆ మాట అనుటకు సిగ్గుపడకుడు. నేను అది అననందువలన ఒక రాత్రి ఒక నిరపరాధి తడిబట్టలతో ఠాణాలో కూర్చుండెను.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన నా నెత్తిన పెట్టిన భారమును ఇన్నాళ్లు పాఠశాలలో మోసితిని. ఉద్యోగమున ఒకరు దిగి మరియొకరు ఎక్కునప్పుడు ‘ఛార్జి అప్పగించుట’ అందురు కదా! ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును మోసిన పెద్దల సమక్షమున, ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు ఆ ఛార్జిని నేడు అప్పగించుచున్నాను. దీనికి రుసుము లేదు. బరువు మాత్రము కలదు. జాగ్రత్తగా ఎత్తుకొనుడు.